ఎంబీబీఎస్ పిల్లలకి సైకియాట్రీ చెప్పడానికి సినిమాలు: ఏవి చూపించాలి, ఎలా చూపించాలి?

కొత్త_అసిస్టెంట్

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో సైకియాట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఈ ఏడాదే చేరాను. ఎంబీబీఎస్ పిల్లలు మా డిపార్ట్‌మెంట్‌కి పోస్టింగ్‌కి వచ్చేది చాలా తక్కువ రోజులు, ఆ రోజుల్లో వార్డులో ఎవరుంటే వాళ్ళ జబ్బే పాఠం. మా వార్డులో ఎక్కువగా తాగుడు మానిపించడానికి చేర్చినవాళ్ళు, లేదంటే కొత్తగా సైకోసిస్ (లేనివి వినపడటం, నిజం కానివి నమ్మడం) మొదలైనవాళ్ళు ఉంటారు. మేనియా (ఉత్సాహం, ఉద్రేకం హద్దు దాటిపోవడం) అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడకుండానే బ్యాచ్ మొత్తం వెళ్ళిపోతుంది. ఓసీడీ (వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం) వాళ్ళు ఓపీకి వస్తారు కానీ అంతమంది పిల్లల ముందు కూర్చుని నోరు విప్పరు, విప్పమని అడగడం కూడా న్యాయం కాదు. పైగా సైకియాట్రీకి విడిగా పేపర్ లేదు, మెడిసిన్‌లోనే కలిసిపోయి ఉంటుంది, కాబట్టి పిల్లల ధ్యాస ఎటుంటుందో మీకు తెలియంది కాదు.

మా హెచ్‌ఓడీ గారు రెండు మధ్యాహ్నాలు సినిమాలకి వాడుకో అన్నారు. నా మనసులో ఉన్నవి ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’, ‘అపరిచితుడు’, ‘చంద్రముఖి’, ‘మహానుభావుడు’. మొదటిది అందరూ చెప్పేదే, మిగతా మూడూ పిల్లలకి కంఠతా వచ్చిన సినిమాలు.

నాకున్న అనుమానాలు చెప్తాను. సినిమా మొత్తం చూపించాలా, ముక్కలు చూపిస్తే చాలా? తప్పుగా తీసిన సినిమా చూపిస్తే, నేను తర్వాత ఎంత సరిదిద్దినా ఆ తప్పే వాళ్ళ మనసులో ఉండిపోతుందేమో అని భయం. హాల్లో నవ్వులు మొదలైతే ఏం చేయాలి? ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం: బ్యాచ్‌లో ఎవరో ఒకరు తామే డిప్రెషన్‌తో ఉండొచ్చు, లేదా ఇంట్లో ఎవరికో జబ్బు ఉండొచ్చు. వాళ్ళని చీకటి హాల్లో కూర్చోబెట్టి ఆత్మహత్య సీను చూపించడం నాకు ఇష్టం లేదు. ఇప్పటికే ఇలా చెప్తున్నవాళ్ళు ఉంటే మీరు ఏ సీను దగ్గర ఆపుతారో, ఏం అడుగుతారో కాస్త వివరంగా రాయండి. సినిమా పేర్ల జాబితాలు నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి, నాకు కావలసింది అది కాదు.

వార్డ్_రౌండ్స్

మంచి ప్రశ్న అడిగారు. నేను చాలా ఏళ్ళుగా సినిమా ముక్కలతో క్లాసు చెప్తున్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక షరతు పెట్టుకోండి. పిల్లలు వార్డులో కనీసం ఒక పేషెంట్‌తో కూర్చుని మాట్లాడాకే సినిమా. ముందు సినిమా చూసి వార్డుకి వస్తే నటుడి మొహాన్ని పేషెంట్ మొహంలో వెతుకుతారు, అది కనపడకపోతే “ఈయనకి అంత జబ్బేం లేదు మేడమ్” అంటారు. ముందు పేషెంట్‌ని చూసినవాళ్ళు మాత్రం సినిమాని చూసి “ఇది ఇలా ఉండదు కదా” అంటారు. నాకు కావలసింది ఆ మాటే.

ఇక ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ సంగతి. 2001లో వచ్చింది, స్కిజోఫ్రెనియా వచ్చిన గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ జీవితం ఆధారం. ఈ ఒక్క సినిమాని మాత్రం నేను ముక్కలు చెయ్యను, మొదటి సగం ఆపకుండా చూపిస్తాను. ఎందుకంటే హీరో రూమ్మేట్ చార్లెస్, ఆ రహస్య ఏజెంటు, ఆ చిన్న పిల్ల, వీళ్ళెవరూ నిజంగా లేరని ప్రేక్షకుడికి సగం సినిమా అయ్యేదాకా తెలియదు. సినిమా ఇదివరకు చూడనివాళ్ళు ఎవరని ముందే అడిగి వాళ్ళని ముందు వరసలో కూర్చోబెడతాను. సంగతి బయటపడగానే ఆపేసి లైట్లు వేసి ఒకటే అడుగుతాను: “ఇప్పటిదాకా మీరు కూడా నమ్మారు కదా, ఐదు నిమిషాల క్రితం నేను వచ్చి చార్లెస్ లేడు అంటే ఒప్పుకునేవారా?” డెల్యూజన్ (ఎంత చెప్పినా కదలని తప్పుడు నమ్మకం) నిర్వచనం పుస్తకంలో రెండు లైన్లు ఉంటుంది, అందరికీ నోటికొచ్చు. కానీ పేషెంట్‌తో ‘అది నిజం కాదయ్యా’ అని వాదించడం ఎందుకు దండగో ఆ నిమిషంలోనే అర్థమవుతుంది. ఆ తర్వాత రెండో సగంలో వానలో కారుకి అడ్డంపడి ఆ చిన్న పిల్ల ఎన్నేళ్ళయినా పెరగడం లేదని భార్యకి చెప్పే సీను. అక్కడ ఇన్‌సైట్ (తనకి జబ్బుందని తానే గుర్తించడం) గురించి మాట్లాడతాను. ఆయనకి కనపడటం ఆగలేదు, కానీ కనపడేది నిజం కాదని తనంతట తాను తేల్చుకున్నాడు. ఈ తేడా పిల్లలకి వార్డులో పట్టుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు తప్పుల సంగతి, దీనికి కనీసం అరగంట కేటాయించండి. అసలు నాష్‌కి మనుషులు కనపడలేదు. ఆయనకి ఉన్నవి వినపడే గొంతులు, వాటితోపాటు పత్రికల్లో తనకోసం రహస్య సందేశాలు వస్తున్నాయన్న నమ్మకం, అలాంటివి. గొంతులని తెర మీద చూపించడం కష్టం కాబట్టి దర్శకుడు వాటిని మనుషుల్ని చేశాడు. సినిమాకి అది తెలివైన పనే. కానీ మన పిల్లలకి దీనివల్ల నష్టం ఉంది. కనపడే హాల్యుసినేషన్లు (లేనివి ఉన్నట్టు కనపడటం) ప్రధానంగా ఉన్నాయంటే డాక్టర్ ముందు అనుమానించాల్సింది మెదడుకో ఒంటికో ఉన్న జబ్బుని. డెలీరియం (ఒంటి జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి తికమక), తాగుడు మానేసినప్పుడు వచ్చేది, లూయీ బాడీ డిమెన్షియా (ఒక రకం మతిమరుపు జబ్బు), ఇలాంటివి. ఎముకల వార్డులో కాలు విరిగి చేరిన మనిషి, ఇంట్లో రోజూ తాగే అలవాటు ఉందని ఎవరూ చెప్పరు, మూడో రోజు రాత్రి చేతులు వణుకుతూ, చెమటలు పడుతూ దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు, ‘గోడ మీద అవేంటి’ అని భార్యని అడుగుతాడు. హౌస్ సర్జన్ అది చూసి ‘స్కిజోఫ్రెనియా’ అని రాసి సైకియాట్రీకి పంపితే ఆ ఆలస్యంలో మనిషి ప్రాణం పోవచ్చు. సినిమాలో నాష్‌ని చూపించి వెంటనే ఈ ఎముకల వార్డు కేసు చెప్పండి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే జన్మలో మర్చిపోరు.

రెండో తప్పు మందుల గురించి. 1994 నోబెల్ నాటికి తాను కొత్త రకం మందులు వాడుతున్నట్టు సినిమాలో నాష్ ఒక మాట అంటాడు. నిజానికి నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు. ఇది చెప్తే పిల్లలు వెంటనే “అయితే మందులు అక్కర్లేదా మేడమ్?” అని అడుగుతారు. అడగనివ్వండి. కొద్దిమందికి వయసు పెరిగేకొద్దీ జబ్బు తగ్గుముఖం పట్టడం ఉంది, కానీ ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పలేం, మానేసినవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. ఈ చర్చ ఏ లెక్చర్లోనూ ఇంత సహజంగా రాదు.

ఈసీటీకి (కరెంట్‌తో ఇచ్చే వైద్యం, జనం ‘షాక్ ట్రీట్‌మెంట్’ అనేది) అయితే 1975 నాటి ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’లో ఆ ఒక్క సీను చాలు. అది ఆరిగన్ రాష్ట్రంలోని సేలమ్‌లో నిజమైన మెంటల్ హాస్పిటల్లోనే తీశారు, ఆ హాస్పిటల్ సూపరింటెండెంట్ డీన్ బ్రూక్స్ సినిమాలో కూడా డాక్టర్‌గా నటించారు, అందుకే అంత నిజంలా అనిపిస్తుంది. మెలకువగా ఉన్న మనిషిని నలుగురు పట్టుకుని, శిక్షగా కరెంట్ పెట్టడం. ప్రపంచమంతా ఈసీటీ అంటే ఈనాటికీ ఈ సీనే గుర్తొస్తుంది. మన సినిమాల్లో విలన్ హీరోకి ‘షాక్ ట్రీట్‌మెంట్’ ఇప్పించే సీన్లన్నీ దీని పిల్లలే. ఆ సీను చూపించిన మర్నాడు పొద్దున్నే పిల్లల్ని ఈసీటీ గదికి తీసుకెళ్ళండి, పేషెంట్, ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే. మత్తు డాక్టర్ వచ్చి థయోపెంటోన్ ఇవ్వడం, తర్వాత కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్, నోట్లో బైట్ బ్లాక్, కాలి వేళ్ళు కాస్త కదలడం, అర నిమిషమో ముప్పావు నిమిషమో ఫిట్, కాసేపటికి మనిషి లేచి టీ అడగడం. ‘ఇంతేనా’ అంటారు. ఆ మాట అన్నాక, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 95 చదివించండి. మత్తు, కండరాల సడలింపు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం, మనిషిని గొలుసులతో కట్టేయడం కూడా అదే సెక్షన్‌లో నిషేధం. ఆ గొలుసుల నిషేధం చదివేటప్పుడు ఎర్వాడి గురించి తప్పకుండా చెప్పండి: తమిళనాడులో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు నిప్పంటుకున్న షెడ్డులోంచి బయటకి రాలేక 28 మంది చనిపోయారు. ఈ పేరు తెలియకుండా ఒక్క మెడికో కూడా బయటకి వెళ్ళకూడదు.

నవ్వుల సంగతి: మొదటిసారి నవ్వినప్పుడు కోప్పడకండి. సీను అయ్యాక “ఎక్కడ నవ్వొచ్చింది, ఎందుకొచ్చింది” అని అడగండి. దాని గురించి మాట్లాడాక రెండోసారి అదే సీను వేస్తే ఎవరూ నవ్వరు.

ఇంకో చిట్కా. ముక్క వేసేముందు ఎంఎస్ఈ (పేషెంట్ మానసిక స్థితి పరీక్ష) ఫారం తలా ఒకటి ఇవ్వండి. మొదటిసారి సౌండ్ ఆపేసి వేయండి. అప్పియరెన్స్, సైకోమోటార్ (కదలికలు), అఫెక్ట్ (మొహంలో కనపడే భావం) మాత్రమే నింపాలి. రెండోసారి సౌండ్‌తో, అప్పుడు స్పీచ్, థాట్, పర్సెప్షన్. కళ్ళతో చూసింది వేరు, ఊహించుకున్నది వేరు అని వాళ్ళ కాగితాల మీదే తేలిపోతుంది. ‘కోపంగా ఉన్నాడు’ అని రాసినవాళ్ళని ‘ఏం చూసి అలా రాశావు’ అని అడగండి చాలు.

పీజీ_రెండో_ఏడు

మేడమ్ చెప్పినదాంట్లో సౌండ్ ఆపేసి వేయడం మా యూనిట్‌లో రేపే మొదలుపెట్టేస్తాం, థాంక్స్ మేడమ్.

అన్నా, మీరు రాసిన తెలుగు సినిమాల గురించి నేను చెప్తాను. ‘అపరిచితుడు’ చూపించాల్సిందే, కానీ జబ్బు నేర్పడానికి అని అనుకోకండి. ఎంబీబీఎస్ ఫైనలియర్ పిల్లల్ని ఎవరినైనా లేపి స్కిజోఫ్రెనియా అంటే ఏంటని అడగండి, నలుగురిలో ఇద్దరు ‘ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు సార్’ అంటారు. ఆ ముద్ర తుడిచేయడానికి 2005లో వచ్చిన ఈ సినిమాకన్నా మంచి సాధనం లేదు, ఎందుకంటే అది తన హీరోకి ఉన్నది మల్టిపుల్ పర్సనాలిటీ అని సినిమాలోనే చెప్తుంది. పిల్లల చేత బోర్డు మీద రెండు గడులు గీయించండి. ఒకవైపు రామం, రెమో, అపరిచితుడు ఏం చేశారో, రెండోవైపు నిన్న వార్డులో చూసిన స్కిజోఫ్రెనియా పేషెంట్ ఏం చెప్పాడో. ఒకరు చేసింది ఇంకొకరికి గుర్తుండకపోవడం మొదటి గడిలోకి వస్తుంది, పక్కింటివాళ్ళు తన ఆలోచనలు వింటున్నారన్న మాట రెండో గడిలోకి వస్తుంది. పది నిమిషాల్లో ఆ గందరగోళం మొత్తం పోతుంది. ఆ హీరో చేసే హత్యల గురించి కూడా మాట్లాడండి. మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో చాలా ఎక్కువమంది ఎవరికీ హాని చెయ్యరు, వాళ్ళే ఇతరుల చేతిలో దెబ్బలు తింటారు, ఆ సంగతి సినిమా చెప్పదు.

‘చంద్రముఖి’ మాత్రం నాకు చాలా ఇష్టమైన కేసు. అసలు కథ 1993లో ఫాజిల్ తీసిన మలయాళం ‘మణిచిత్రతాళు’ది, వీలైతే అదే చూపించండి, శోభన నటన కోసం. మన ఓపీకి నెలకి ఎంతమంది ‘అమ్మవారు పూనింది’ అని వస్తారో లెక్కేసుకోండి. జాతరలో పూనకం వచ్చి, దిగిపోయాక మామూలుగా వంట చేసుకునే ఆవిడకి ఏ జబ్బూ లేదు. ఇష్టం లేకుండా, మాటిమాటికీ వచ్చి బతుకుని చెడగొడుతుంటేనే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 కూడా పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్‌ని (పూనకం జబ్బుగా మారినది), డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌ని (పాత పేరు మల్టిపుల్ పర్సనాలిటీ) విడివిడిగా పెట్టింది. ఈ గీత ఎక్కడ గీయాలన్నది పల్లెల్లో పీహెచ్‌సీకి వెళ్ళే డాక్టర్‌కి రోజూ అవసరమయ్యే విషయం. ఆ సినిమాలో డాక్టర్ చేసే వైద్యం చూపించినప్పుడు పిల్లలే అడుగుతారు, పేషెంట్‌కి తెలియకుండా ఇలా నాటకం ఆడొచ్చా అని.

‘మహానుభావుడు’ (2017) గురించి నాకు కొంచెం కోపం ఉంది. అందులో ఓసీడీ అంటే శుభ్రం ఎక్కువైన అబ్బాయి, అంతే. మా ఓపీకి వచ్చే ఓసీడీ పేషెంట్ చేతులు చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. వేళ్ళ సందులు సబ్బుకి తెల్లగా ఒరిసిపోయి, పగిలి, నెత్తురు కనపడుతుంటుంది. బాత్రూంలోకి వెళ్తే గంటన్నర దాకా రాదు, బయట అత్తగారు తలుపు కొడుతుంటారు. ‘ఇది పిచ్చి పని అని నాకే తెలుసు, ఆపలేకపోతున్నా’ అని ఏడుస్తుంది. ఆ బాధ సినిమాలో ఎక్కడా లేదు. కాబట్టి ఒక పని చేయొచ్చు: రెండు నిమిషాల కామెడీ సీను వేసి, ‘ఇది ఓసీడీ అని రాయడానికి ఇంకా ఏం తెలియాలి’ అని పిల్లల్నే అడగండి. ఎంత సేపు, ఆపాలని చూశాడా, ఆపితే ఏమవుతుంది, పని చెడుతోందా. హిస్టరీ తీసుకోవడం అలా వచ్చేస్తుంది.

మంచి సీను కూడా ఒకటి చెప్తాను. మలయాళం ‘కుంబళంగి నైట్స్’ (2019)లో సౌబిన్ షాహిర్ చేసిన అన్న పాత్ర, తనని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని తమ్ముడిని అడుగుతాడు, తర్వాత డాక్టర్‌ని పట్టుకుని ఏడుస్తాడు. ఆ డాక్టర్ పెద్దగా ఏమీ మాట్లాడడు, ఏడవనిస్తాడు. మగాడు తనంతట తాను సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తానని అడగడం, దాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యకపోవడం, మన సినిమాల్లో ఎంత అరుదో ఆలోచించండి. ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వించిన కామెడీ ట్రాకులు ఎన్ని చూశామో.

అక్కకి_తోడు

నేను డాక్టర్‌ని కాను, బ్యాంకులో పని చేస్తాను. మా అక్కకి స్కిజోఫ్రెనియా ఉంది, అమ్మానాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది. ఈ చర్చ చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది, మీ మధ్యలోకి వచ్చినందుకు ఏమీ అనుకోకండి.

అపర్ణా సేన్ ‘15 పార్క్ అవెన్యూ’ (2005) చూపించండి సార్. కొంకణా సేన్ శర్మ చేసిన మీఠీ, లేని భర్త, లేని పిల్లలు ఉన్న ఇల్లు కోసం వెతుకుతుంటుంది. అందరూ ఆ అమ్మాయి నటన గురించే మాట్లాడతారు. మీరు మాత్రం షబానా అజ్మీ చేసిన అక్క పాత్రని చూడమని మీ పిల్లలకి చెప్పండి. ఆవిడ కాలేజీలో పాఠం చెప్తూ, ఇంటికి ఫోన్ చేస్తూ, తన పెళ్ళీ బతుకూ పక్కన పెట్టి, ఎవరి మీద అరవాలో తెలియక అరిచేస్తుంది. అది నా ఇల్లే. భూతవైద్యుణ్ణి తీసుకొచ్చే సీను కూడా అందులో ఉంది, చదువుకున్న ఇళ్ళల్లోనూ అది జరుగుతుందని మీ పిల్లలకి తెలియాలి, మేమూ వెళ్ళాం, ఎందుకు వెళ్ళారని తిట్టకుండా ముందు వినే డాక్టర్ దొరికాకే మాకు దారి కనపడింది.

కానీ ఏ సినిమాలోనూ లేనివి కొన్ని ఉన్నాయి, అవే మా రోజు. అక్కకి క్లోజాపిన్ మొదలుపెట్టినప్పుడు తెల్ల కణాలు పడిపోతాయేమోనని మొదట్లో వారం వారం రక్తపరీక్ష. లాబ్ రిపోర్టు రాకపోతే మందులషాపు వాడు మాత్ర ఇవ్వడు, రిపోర్టు కోసం నేను సెలవు పెట్టాలి. రాత్రి నిద్రలో చొంగ కారి దిండు తడిసిపోతుంది, పొద్దున లేచి అక్కే సిగ్గుపడి గలీబు దాచేస్తుంది. బరువు పెరిగి పాత చుడీదార్లు పట్టడం లేదు. పెళ్ళిళ్ళకి పిలుస్తారు కానీ ‘మీ అక్కని తీసుకురావాలా’ అని మెల్లిగా అడుగుతారు. గొంతులు తగ్గాయి, అందుకు డాక్టర్ గారికి రెండు చేతులా దణ్ణం పెడతాను. కానీ ఓపీలో నన్ను ఎప్పుడూ ‘గొంతులు ఉన్నాయా’ అనే అడిగారు, ‘చొంగ కారుతోందా, నిద్రెంతసేపు పోతోంది, ఇంట్లో నువ్వెలా ఉన్నావు’ అని అడిగినవాళ్ళు తక్కువ.

మీరు సినిమా ఆపిన తర్వాత ఒక ఇంటివాళ్ళని కూర్చోబెట్టండి. అరగంట చాలు. నన్ను పిలిస్తే నేను వస్తాను.

ఎస్‌పీఎం_మాస్టారు

నేను కమ్యూనిటీ మెడిసిన్ మనిషిని, సినిమాలతో పాఠం మీద నాకు అభ్యంతరం ఉంది, అందరూ బాగుంది అంటుంటే అదీ ఇక్కడ ఉండాలి కదా అని రాస్తున్నాను.

సినిమాకి కావలసింది కదలిక, అరుపు, మలుపు. స్కిజోఫ్రెనియాలో మనిషిని కుటుంబానికి దూరం చేసేది చాలాసార్లు నెగటివ్ సింప్టమ్స్, అంటే మాట, చురుకు, ఆసక్తి తగ్గిపోవడం. ఉదయం లేచి అరుగు మీద కూర్చుంటాడు, మధ్యాహ్నానికీ అక్కడే ఉంటాడు, స్నానం చెయ్యడు, పలకరిస్తే అవును, కాదు అంటాడు. దీన్ని పది నిమిషాలు తెర మీద ఎవడు చూపిస్తాడు, చూపిస్తే హాల్లో ఎవడుంటాడు. అంటే సినిమాల నుంచి నేర్చుకున్నవాడు జబ్బులో గోలగా ఉండే సగమే నేర్చుకుంటాడు. పల్లెకి వెళ్ళాక అరుగు మీద కూర్చున్నవాణ్ణి ‘సోమరి’ అనే ఊరివాళ్ళతో కలిసి తానూ అంటాడు.

డిప్రెషన్ కూడా అంతే. తెర మీద డిప్రెషన్ అంటే వానలో కిటికీ పక్కన కన్నీళ్ళు. మా ఫీల్డ్ ప్రాక్టీస్ ఊళ్ళో డిప్రెషన్‌తో వచ్చే ఆడమనిషి ‘తలంతా బరువు, ఒళ్ళు తిమ్మిర్లు, గుండె దడ, అన్నం సయించదు, నిద్ర పట్టదు’ అంటుంది. మనసు బాగాలేదు అనే మాట ఆవిడ నోట రాదు, అడిగితే తప్ప. ఆవిడకి బీ కాంప్లెక్స్ సూదీ, సెలైనూ పెట్టి పంపించేస్తారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో సుమారు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, వాళ్ళలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. వాళ్ళు మీ వార్డుకి రారు, పీహెచ్‌సీలో తలనొప్పి అని నిలబడతారు. ఆ మధ్యాహ్నాలు రెండూ నాకిస్తే పిల్లల్ని పీహెచ్‌సీ ఓపీకి తీసుకెళ్తాను.

ఇంకో మాట. క్లాసు చివర ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే సినిమా క్లాసుకి పిల్లలు మంచి మార్కులే వేస్తారు. నచ్చడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆరు నెలల తర్వాత పేషెంట్‌తో వాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో చూసినప్పుడే ఏదైనా చెప్పగలం.

వార్డ్_రౌండ్స్

మాస్టారూ, మీరు నెగటివ్ సింప్టమ్స్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను దాన్నే క్లాసులో ప్రశ్నగా పెడతాను ఇకనుంచి: ‘ఈ సినిమాలో ఏ లక్షణాలు లేవు, ఎందుకు లేవు?’ పీహెచ్‌సీకి కూడా తీసుకెళ్ళాల్సిందే. అయితే సినిమా మాత్రమే చేయగల పని ఒకటుంది, దాన్ని వదులుకోవద్దు. పేషెంట్ లోపల నుంచి లోకం ఎలా కనపడుతుందో వార్డులో మనం చూడలేం. ‘ద ఫాదర్’ (2020) చూడండి. ఆంథొనీ హాప్కిన్స్ డిమెన్షియా ఉన్న ముసలాయన, ఇంట్లో సామాన్లు చెప్పకుండా మారిపోతుంటాయి, కూతురి పాత్రలోకి మధ్యలో వేరే నటి వచ్చేస్తుంది. చూస్తున్న మనకే ఇది ఏ ఇల్లు, ఈవిడెవరు అని తికమక. ఆ పావుగంట చూసిన పిల్లలు, మర్నాడు డిమెన్షియా పెద్దాయన్ని ‘తాతగారూ, ఇవాళ ఏ వారం, నేనెవర్ని’ అని పరీక్ష పెట్టేముందు తమ పేరు చెప్పుకుని, చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చుంటున్నారు. ఆ మార్పు నేను కళ్ళారా చూశాను.

అక్కకి_తోడు గారూ, మీరు రాసిన గలీబు సంగతి ఈ ఏడాది నా మొదటి క్లాసులో చదివి వినిపించడానికి అనుమతిస్తారా? పేరూ ఊరూ ఏమీ చెప్పను.

అక్కకి_తోడు

చదవండి మేడమ్. అక్కని కూడా అడిగాను, సరే అంది.

కొత్త_అసిస్టెంట్

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. హెచ్‌ఓడీ గారితో మాట్లాడి ఇలా అనుకున్నాను. మొదటి మధ్యాహ్నం ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ మొదటి సగం, ఎముకల వార్డు కేసు, ఎంఎస్ఈ ఫారం. మర్నాడు పొద్దున ఈసీటీ గది. రెండో మధ్యాహ్నం సినిమా గంట మాత్రమే, ‘అపరిచితుడు’, ‘మహానుభావుడు’ ముక్కలు, తర్వాత ఒక ఇంటివాళ్ళతో అరగంట. మాస్టారు చెప్పిన పీహెచ్‌సీ సంగతి మా ఎస్‌పీఎం వాళ్ళతో మాట్లాడతాను, వాళ్ళ పోస్టింగ్‌లోనే ఒకరోజు మా పీజీని పంపిస్తే సరిపోతుందేమో.

ఒక సందేహం మిగిలింది. మా అమ్మగారు సావిత్రి ‘చివరకు మిగిలేది’ చూపించు అంటున్నారు. 1960 నాటిది, నర్సు కథ అని తెలుసు. పిల్లలు చూస్తారా? ఇంకా కాపీరైట్ గొడవ ఏమైనా ఉంటుందా?

వార్డ్_రౌండ్స్

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. తప్పకుండా చూపించండి, కానీ మెడికోలకన్నా ముందు నర్సింగ్ పిల్లలకీ పీజీలకీ. ప్రేమ విఫలమై మతి చెడినవాణ్ణి నర్సు ప్రేమిస్తున్నట్టు నటించి బాగుచేయాలన్నది అందులో పెద్ద డాక్టర్ ప్రయోగం. ఒకడు బాగై వెళ్ళిపోతాడు, నర్సు మనసులో నటన నిజమైపోయి ఉంటుంది, అది ఎవరూ పట్టించుకోకుండా మళ్ళీ ఇంకో పేషెంట్‌ని ఆవిడకే అప్పజెప్తారు. చివరికి ఆవిడే అదే వార్డులో పేషెంట్ అవుతుంది. మూలం బెంగాలీ, 1959లో సుచిత్రా సేన్ చేసింది, తర్వాత 1969లో హిందీలో ‘ఖామోషీ’గా వచ్చింది. ఇప్పటి చట్టం ప్రకారం చూస్తే అందులో ప్రతి అడుగూ తప్పే: పేషెంట్ అంగీకారం లేదు, హద్దులు లేవు, వైద్యం చేసేవాళ్ళ మనసు గురించి అడిగే నాథుడు లేడు. ఇంటర్న్‌లూ పీజీలూ రాత్రీ పగలూ డ్యూటీ చేసి ఎవరికీ చెప్పుకోలేక ఉండిపోవడం మనం చూస్తున్నదే కదా, ఆ మాట ఎత్తడానికి ఆ చివరి సీనుకన్నా మంచి అవకాశం ఉండదు. పాత సినిమా అని మొదటి పది నిమిషాలు గుసగుసలు ఉంటాయి, సావిత్రి మొహం దగ్గరగా వచ్చాక ఆగిపోతాయి.

కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52లో విద్యాసంస్థలకి మినహాయింపు ఉంది. సంస్థ పనిలో భాగంగా, చూసేవాళ్ళు అక్కడి విద్యార్థులూ సిబ్బందీ మాత్రమే అయితే సినిమా వేయొచ్చు. టికెట్ పెట్టడం, బయటివాళ్ళని పిలవడం, క్లాసు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం చెయ్యకండి. ఇంటివాళ్ళు వచ్చే అరగంట సినిమా ఆపేశాక పెట్టుకోండి, ఏ పేచీ ఉండదు.

మీరు మొదట అడిగిన ముఖ్యమైన ప్రశ్నకి ఇప్పుడు జవాబు. ముందురోజే వాట్సాప్ గ్రూపులో ఏ సినిమా, అందులో ఏముందో రాసి పెట్టండి: ఈసీటీ, కొట్టడం, ఆత్మహత్య ప్రయత్నం, ఏది ఉంటే అది. రాకపోయినా హాజరు వేస్తామని, కారణం అడగమని అదే మెసేజ్‌లో రాయండి. ఆత్మహత్య ఎలా చేసుకున్నారో చూపించే సీను ఎప్పుడూ వేయకండి, ఆ పద్ధతి చూపించకుండానే పాఠం చెప్పొచ్చు. హాల్లో పూర్తిగా లైట్లు ఆర్పకండి, తలుపు దగ్గర మీ పీజీని ఒకరిని కూర్చోబెట్టండి, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళ వెనక మెల్లిగా వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు. క్లాసు అయ్యాక మీరు వెంటనే వెళ్ళిపోకుండా ఓ అరగంట అక్కడే ఉండండి, సామాన్లు సర్దుకుంటూ. అడగాలనుకున్నవాళ్ళు అందరూ వెళ్ళాకే వస్తారు. సొంత కాలేజీ డాక్టర్‌తో మాట్లాడటానికి జంకేవాళ్ళు ఉంటారు కాబట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 బోర్డు మీద రాసి ఉంచండి, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

పీజీ_రెండో_ఏడు

అన్నా, ఆ రెండో మధ్యాహ్నం ఏ తారీఖో ఇక్కడ పెట్టండి. మా యూనిట్‌లో కూడా అదే వారం చేస్తాం, రెండు చోట్లా పిల్లలు నింపిన ఎంఎస్ఈ ఫారాలు పేర్లు తీసేసి పక్కపక్కన పెట్టి చూద్దాం. మాస్టారు అన్నట్టు ఆరు నెలల తర్వాత ఇంటర్న్‌షిప్‌లోనో, తర్వాతి పోస్టింగ్‌లోనో అదే పిల్లలకి ఒక కొత్త పేషెంట్‌ని ఇచ్చి మళ్ళీ ఫారం నింపిద్దాం.